చిన్న కుక్క బరువు తగ్గాలంటే ముందు ఇంట్లో పెట్టే చేతులు లెక్కపెట్టాలి

నెల్లూరు వేదాయపాళెం నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల బన్నీ ఆరేళ్ల ఆడ పొమేరియన్. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి నాలుగేళ్లు దాటింది. ఇప్పుడు బరువు 9.2 కిలోలు. "రోజుకు రెండు పూటలే పెడుతున్నాం, అదీ ఎక్కువేం కాదు. అయినా లావైపోతోంది. మేడమెట్లు ఎక్కితే ఆయాసపడుతోంది. ఇంటికి ఎవరైనా వస్తే సంబరంతో గెంతి గెంతి దగ్గుతోంది. తిండి తగ్గిద్దామంటే మా అత్తయ్య 'నోరులేని జీవం, దాని కడుపు మాడ్చొద్దు' అంటారు. ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఆమెకు ఎలా చెప్పాలి?" అని ఆమె టెన్షన్.

చూడమ్మా, ఒంగోల్లోనూ నెల్లూరులోనూ కుక్కలకు వైద్యం చేస్తూ నేను గమనించింది ఒకటుంది. చిన్న కుక్క తన గిన్నెలో అన్నం తిని లావు కావడం తక్కువ. గిన్నె బయట తిన్నదానితోనే లావవుతుంది. పొద్దున కాఫీ దగ్గర ఒకరు, టిఫిన్ దగ్గర ఇంకొకరు, సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన పిల్లలు, రాత్రి భోజనాల దగ్గర నాన్న. ఎవరికి వాళ్లు "నేను పెట్టింది ఒక్క ముక్కేగా" అనుకుంటారు. అది నిజమే. కానీ అన్ని ముక్కలూ తినేది ఒకే కుక్క. మీరు "రెండు పూటలే" అన్నారు. మీరు పెట్టేది రెండు పూటలు. బన్నీ తినేది ఎన్నిసార్లో ముందు అది తేలాలి.

చిన్న ఒంటికి చిన్న ముక్క కూడా చిన్నది కాదు. ఆరు ఆరున్నర కిలోలు ఉండాల్సిన కుక్క, ఆపరేషన్ అయి ఇంటి పట్టున ఉండేది, రోజుకు సుమారు 350 క్యాలరీలతో సరిపెట్టుకుంటుంది. ఇంట్లో వేసే మామూలు ఇడ్లీ ఒక్కటి 50 క్యాలరీల దాకా ఉంటుంది, అంటే దాని రోజు తిండిలో ఏడో వంతు. మన లెక్కలో చూస్తే మనం ఐదారు ఇడ్లీలు అదనంగా లాగించినంత. టీ బిస్కెట్ ఒకటి 25 దాకా. చిక్కటి గేదె పాలు 100 మిల్లీలీటర్లయితే 100 పైనే. అన్నంలో "వాసన కోసం" వేసే చెంచాడు నెయ్యి 45. లాబ్రడార్ ఇవన్నీ తిన్నా కొంత సర్దుకుంటుంది. పొమేరియన్, పగ్, షిట్జూ, డాష్‌హండ్ సర్దుకోలేవు.

తిండి తగ్గించే ముందు ఒకసారి డాక్టర్ దగ్గర తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. లావుగా కనిపించేదంతా కొవ్వు కాదు. పొట్ట ఒక్కటే ఉబ్బి వెన్నెముక, తుంటి ఎముకలు బయటికి కనిపిస్తుంటే లోపల నీరు చేరి ఉండొచ్చు. అది గుండె జబ్బో, కాలేయమో కావచ్చు, దానికి డైట్ పనికిరాదు. నీళ్లు విపరీతంగా తాగుతూ, మూత్రం ఎక్కువగా పోస్తూ, ఎంత పెట్టినా ఇంకా కావాలంటూ, పొట్ట జారినట్టుగా ఉంటే కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బును అనుమానించాలి. తిండి తక్కువే అయినా బరువు పెరుగుతూ, ఎప్పుడూ మందకొడిగా పడుకుంటూ, ఒంటికి రెండు పక్కలా సమానంగా వెంట్రుకలు పలచబడుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. ఇంకొకటి చాలామంది చెప్పడం మరిచిపోతారు: దురదకు వాడిన మందులు. మన కోస్తా ఉక్కపోతకు, పిడుదులకు కుక్కల చర్మం తరచూ పాడవుతుంది. దురద తగ్గడానికి స్టెరాయిడ్ ఇంజక్షన్లో మాత్రలో ఇస్తారు. అవి నడుస్తున్నన్నాళ్లూ ఆకలి, దాహం రెండూ పెరుగుతాయి. బన్నీకి అలాంటివి ఏమైనా వాడారేమో పాత చీటీలు తీసి డాక్టర్‌కు చూపించండి, మీరే మధ్యలో ఆపేయకండి. పెద్ద పరీక్షలు కావాలంటే తిరుపతి వెటర్నరీ కాలేజీ మనకు దగ్గరే.

ఆ దగ్గును మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పొమేరియన్లలో గాలిగొట్టం మెత్తబడి లోపలికి నొక్కుకుపోయే జబ్బు బాగా ఎక్కువ. సంబరపడ్డప్పుడు, మెడపట్టీ లాగినప్పుడు, నీళ్లు తాగినప్పుడు పొడిగా, బాతు అరిచినట్టు దగ్గు వస్తుంది. మెడ చుట్టూ, ఛాతీలో కొవ్వు పేరుకుంటే అది ఇంకా ముదురుతుంది. బరువు తగ్గితే చాలా కుక్కల్లో మందు అవసరం కూడా తగ్గుతుంది. ఇలాంటి దగ్గు గుండె జబ్బులోనూ రావచ్చు కాబట్టి ఛాతీ ఎక్స్‌రే తీయించి, గుండె చూపించండి, ఈ వారంలోనే. మెడకు కట్టే పట్టీ ఇవాళే తీసేసి, ఛాతీ మీదుగా వేసే హార్నెస్ కొనండి.

ఇక లావు ఎంతన్నది. పొమేరియన్ బొచ్చు కళ్లను మోసం చేస్తుంది, అందుకే చూసి చెప్పడం కుదరదు, తడిమి చూడాలి. మీ ఎడమ చెయ్యి బల్ల మీద బోర్లా పరిచి, కుడిచేతి వేళ్లతో ఆ చేతి వెనకవైపు, వేళ్లు మొదలయ్యే చోట మెల్లగా రాయండి. సన్నటి చర్మం కింద ఎముకలు వరసగా తగులుతాయి. సరైన బరువున్న కుక్క పక్కటెముకలు అలా తగలాలి. పిడికిలి బిగించి కణుపుల మీద రాస్తే ఎలా పొడుచుకొస్తాయో అలా తగిలితే కుక్క బక్కచిక్కినట్టు. చెయ్యి తిప్పి అరచేతివైపు వేళ్ల మొదట్లో తడిమితే ఎముక ఉందని తెలియడానికి నొక్కాల్సి వస్తుంది. పక్కటెముకల మీద అలా నొక్కాల్సి వస్తే బరువు ఎక్కువే. స్నానం చేయించినప్పుడు, బొచ్చంతా తడిసి ఒంటికి అంటుకున్నప్పుడు, పైనుంచి చూడండి. పక్కటెముకలు అయిపోయాక నడుము దగ్గర కొంచెం లోపలికి వెళ్లాలి. పక్కనుంచి చూస్తే ఛాతీ కంటే పొట్ట పైకి లేచి ఉండాలి. తోక మొదట్లో రెండు పక్కలా మెత్తగా దిండులా తగులుతుంటే అక్కడ కొవ్వు చేరిందన్నమాట. డాక్టర్లు దీన్నే 9 అంకెల కొలతలో రాస్తారు. 4, 5 మంచివి. 5 దాటిన ఒక్కో అంకెకూ బరువు పది శాతానికి పైగా ఎక్కువని లెక్క.

బన్నీ ఎంత ఉండాలన్నది నెట్‌లో వెతక్కండి. అసలు పొమేరియన్ అంటే మూడు కిలోలు మించదని అక్కడ రాసి ఉంటుంది, అది చూసి మీరు బెంబేలెత్తుతారు. మన ఊళ్లలో పొమేరియన్ అని పెంచుకునేవాటిలో ఎక్కువ భాగం ఇండియన్ స్పిట్జ్. వాటి ఎముక వేరు, సైజు వేరు. దానికి బదులు బన్నీ టీకాల పుస్తకం తీయండి. ఏడాది, ఏడాదిన్నర వయసులో టీకాకు వెళ్లినప్పుడు బరువు రాసి ఉంటారు. అప్పటికి ఎదుగుదల పూర్తయి ఉంటుంది, ఆపరేషన్ కూడా కాలేదు. అప్పుడు బక్కగానో లావుగానో లేకపోతే దాదాపు అదే దాని సొంత బరువు. నాకు వచ్చిన వివరాల్లో మీరు ఆ పాత బరువు 6.4 అని రాశారు కాబట్టి ఆరున్నర కిలోలు గురిగా పెట్టుకుందాం. 6.4 నుంచి 9.2 అంటే 60 కిలోల మనిషి 86 కిలోలైనట్టు. అంత బరువుతో ఆ సన్నటి కాళ్లు మేడమెట్లు ఎక్కుతున్నాయి.

ఆపరేషన్ వల్లే లావైందా అని చాలామంది అడుగుతారు. ఆపరేషన్ తర్వాత ఒంటికి కావాల్సిన తిండి 20 నుంచి 30 శాతం తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. అప్పుడే గిన్నెలో ఆ మేరకు తగ్గించి ఉంటే ఇంత దూరం రాదు. అంతమాత్రాన ఆపరేషన్ చేయించడం తప్పు కాదు. గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదికి రావడం ఎంత ఎక్కువో రోజూ చూస్తున్నాను. ఆ గండం బన్నీకి తప్పింది.

ఇప్పుడు అసలు పని. మొదటి వారం ఏమీ తగ్గించకండి, ఎవరినీ ఏమీ అనకండి. వంటింట్లో మూత ఉన్న ఒక స్టీలు డబ్బా పెట్టండి. ఇంట్లో ఎవరు బన్నీకి ఏది పెట్టినా దానికి జతగా అంతే ఇంకొకటి ఆ డబ్బాలో వెయ్యాలి. బిస్కెట్ పెడితే బిస్కెట్, ఇడ్లీ ముక్క పెడితే ఇడ్లీ ముక్క, చపాతీ అంచు పెడితే చపాతీ అంచు. గిన్నెలో పెట్టే పూటలు మాత్రం వెయ్యక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు అందరూ కూర్చుని మూత తీసి చూడండి. కావలి నుంచి ఒక పెద్దావిడ తన కుక్కను తీసుకొచ్చేవారు. నాతో మాట్లాడుతుండగానే చెయ్యి కొంగు ముడి దగ్గరికి వెళ్లేది, బిస్కెట్ ముక్క ఒకటి బయటికి వచ్చేది. కుక్క కళ్లు ఆమె మొహం మీద ఉండేవి కావు, ఆ ముడి మీదే. నేను వద్దంటే నొచ్చుకునేవారు. ఈ డబ్బా పద్ధతి పెట్టాక ఆమే మూత తీసి "ఇంత తింటోందా ఇది!" అన్నారు. డాక్టర్ చెప్తే దిగనిది ఆ డబ్బా చూస్తే దిగింది.

మీ ఇంటి లెక్క మీరు రాసినదాన్ని బట్టి నేను వేశాను. పొద్దున అరగ్లాసు పాలు, రెండు బిస్కెట్లు, అది 150. టిఫిన్ దగ్గర ఇడ్లీ, 50. మధ్యాహ్నం పెరుగన్నం, అన్నం 150 గ్రాములైతే పెరుగుతో కలిపి 225. సాయంత్రం పిల్లల దగ్గర 50. రాత్రి చికెన్ వేసిన అన్నం 180 దాకా. మొత్తం 650 దాటింది. కావాల్సింది 350. ఇందులో ఎవరిదీ పెద్ద తప్పు కనిపించదు, ఏ పూటా కుండెడు పెట్టలేదు.

బరువు తగ్గించడానికి ఎంత పెట్టాలో ఒక తేలిక లెక్క ఉంది. ఉండాల్సిన బరువును 30తో గుణించి 70 కలపండి. ఇప్పుడున్న బరువును కాదు, ఉండాల్సిన బరువును. 6.5కి 195, దానికి 70 కలిపితే 265. బన్నీకి రోజు మొత్తానికి 265 క్యాలరీలు, అందులోనే చిరుతిళ్లు కూడా. చిరుతిళ్లు పదో వంతు దాటకూడదు, అంటే 25. రెండు కిలోల కంటే చిన్న కుక్కలకు ఈ లెక్క వాడొద్దు. ఎదిగే పిల్లలకు, చూడి కుక్కలకు, షుగర్ ఉన్నవాటికి ఇది మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు.

డ్రై ఫుడ్ అయితే ప్యాకెట్ వెనక 100 గ్రాములకు ఎన్ని క్యాలరీలో ఉంటుంది. మామూలు రకాలు 350 నుంచి 400 మధ్యలో ఉంటాయి. 370 అనుకుంటే రోజుకు 65 గ్రాములు. అదే ప్యాకెట్ మీద కుక్క బరువును బట్టి ఎంత పెట్టాలో పట్టిక ఉంటుంది, దాన్ని చూసి 9 కిలోల వరుస తీసుకుంటే బన్నీ ఎప్పటికీ 9 కిలోల కుక్కే. గ్లాసుతో, గుప్పెడుతో కొలవకండి. ఒకే గ్లాసుతో ఒకరు 65 తీస్తే ఇంకొకరు తలకొట్టకుండా 85 తీస్తారు. ఆ 20 గ్రాములు 70 క్యాలరీలు. వంటింట్లో పెట్టుకునే చిన్న డిజిటల్ కాటా కొనండి. ఈ మొత్తం పనిలో మీరు కొనాల్సిన వస్తువుల్లో హార్నెస్ తర్వాత అదే ముఖ్యం. మన ఒంగోలు వైపు బండలాగుడు పోటీలకు ఎద్దులను సిద్ధం చేసేవాళ్లు ఉలవలు ఎంత, తవుడు ఎంత అని లెక్కగా పెడతారు. అంత పెద్ద ఒంటికే కొలత ఉన్నప్పుడు, ఆరున్నర కిలోల ఒంటికి ఇంకా ఎక్కువ ఉండాలి.

వీలైతే మామూలు డ్రై ఫుడ్ తగ్గించి పెట్టేకంటే, బరువు తగ్గించడానికే తయారుచేసిన ఆహారం డాక్టర్ సలహాతో తీసుకోండి. మామూలు తిండిని సగానికి కోస్తే క్యాలరీలతోపాటు ప్రొటీన్, విటమిన్లు, ఖనిజాలు కూడా సగమైపోతాయి. కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. బరువు తగ్గించే రకంలో ప్రొటీన్, పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ. అదే క్యాలరీలకు గిన్నె కొంచెం నిండుగా కూడా కనిపిస్తుంది. ధర ఎక్కువ, కానీ రోజుకు పోయేది గుప్పెడే కాబట్టి చిన్న కుక్కకు భరించగలిగేదే. మార్చేటప్పుడు వారం రోజులపాటు పాతదానిలో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంటి తిండే పెడతామంటే అదీ చేయొచ్చు. చర్మం తీసిన కోడి ఛాతీ ముక్క, ఉడికాక 80 గ్రాములు. అన్నం 60 గ్రాములు, అంటే చిన్న గరిటెడు. సొరకాయ, బీన్స్, తీపి గుమ్మడి లాంటివి ఉడికించి మెత్తగా చేసి 100 గ్రాముల దాకా. సన్‌ఫ్లవర్ నూనె అరచెంచా. ఉప్పు, కారం, తాలింపు ఏమీ వద్దు. దీన్ని మూడు పూటలుగా పంచండి. కూరగాయలు కడుపు నింపుతాయి, క్యాలరీలు పెద్దగా ఉండవు. కానీ ఇది నాలుగు రోజులకైతే సరే, నెలల తరబడి ఇదే అంటే కాల్షియం, జింక్, అయోడిన్, కొన్ని విటమిన్లు చాలవు. కోడిమాంసం, అన్నంలో కాల్షియం దాదాపు లేనట్టే. కాబట్టి ఏ సప్లిమెంట్, ఎంత అన్నది డాక్టర్‌తో రాయించుకునే మొదలుపెట్టండి. మనకు సన్నబియ్యం పండే నేల, కుక్కకైనా అన్నం పెట్టకపోతే పెట్టినట్టు అనిపించదు. అన్నం కుక్కకు విషం కాదు. కానీ గిన్నెలో ముప్పాతిక అన్నమే ఉంటే మిగతాదానికి చోటుండదు.

నీసు తినని రోజుల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే బరువు అక్కడే చెయ్యి దాటిపోతుంది. శనివారం, ఏకాదశి, కార్తీక మాసం మొత్తం ఇంట్లో నీసు వండరు, కుక్కకూ పెట్టరు. అప్పుడు పెట్టేది పెరుగన్నమో పాలన్నమో. మాంసం లేదని జాలిపడి అన్నం ఇంకో గరిటె వేస్తారు. కార్తీక మాసం అయ్యాక నా దగ్గరికొచ్చే పొమేరియన్లు పక్కటెముకలు తగలకుండా ఉంటాయి. ఆ రోజులకు డ్రై ఫుడ్ వాడుకోండి, వంటింట్లో వండే పని ఉండదు కాబట్టి మీ పట్టింపుకూ ఇబ్బంది రాదు. అందులోనూ మాంసం ఉంటుందని అనుకునేవాళ్లకు శాకాహార డ్రై ఫుడ్ కూడా దొరుకుతుంది. కుక్కను ఉపవాసం ఉంచడం మాత్రం వద్దు. చిన్న కుక్కలకు ఆ పస్తు నప్పదు, మరుసటి రోజు ఆబగా తిని కక్కుతుంది.

పెట్టకూడనివి క్లుప్తంగా చెప్తాను. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, మన కూర, సాంబారు, చేపల పులుసు అన్నింట్లో అవి ఉంటాయి. పులుసులో ముక్క కడిగి పెట్టినా ఉల్లి రసం అందులో దిగి ఉంటుంది. చేప పెట్టాలనుంటే వండకముందే ఒక ముక్క తీసి, ఉత్త నీళ్లలో ఉడికించి, ముల్లు ఒక్కటి లేకుండా చేత్తో విదిలించి పెట్టండి, కొవ్వు తక్కువుండే రకమైతే బన్నీకి మంచిదే. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలు వద్దు. ఉడికిన ఎముకలు పెళుసుగా విరిగి పేగును చీల్చగలవు. మామిడి టెంక మింగితే పేగులో అడ్డం పడుతుంది, వేసవిలో ఇది తరచూ జరిగేదే. ఆదివారం బిర్యానీ, కొవ్వు ముక్కలు, వేపుడు నూనె తిన్న తర్వాత పదేపదే వాంతులు, ముందుకాళ్లు చాచి ఛాతీ నేలకు ఆనించి వెనకభాగం పైకెత్తడం కనిపిస్తే క్లోమం వాచి ఉండొచ్చు. లావైన కుక్కల్లో ఇది ఎక్కువ. తెల్లవారేదాకా ఆగకుండా తీసుకెళ్లండి.

మీ అత్తయ్యగారి విషయం. ఆమెను ఈ పనిలోంచి తప్పించాలని చూస్తే పని చెడుతుంది. పగలంతా ఇంట్లో బన్నీతో ఉండేది ఆమె. దాని మూతి చూసి దానికేం కావాలో చెప్పగలిగేదీ ఆమే అయ్యుంటారు. ఆమెకు పెట్టడం ఆపమని చెప్పకండి, పెట్టే అధికారం మొత్తం ఆమెకే ఇవ్వండి. పొద్దునే మీరు కాటా మీద తూచి బన్నీ రోజు తిండి అంతా ఒక డబ్బాలో పోసి ఆమె చేతికివ్వండి. దోసకాయ ముక్కలు, పచ్చి క్యారెట్ ముక్కలు, ఉడికించిన బీన్స్ ఇంకో చిన్న డబ్బాలో. ఆ రెండు డబ్బాల్లోది ఆమె ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు పెట్టొచ్చు. అవి అయిపోతే ఆ రోజుకు అంతే. మీరు, మీ ఆయన, పిల్లలు ఎవరు పెట్టాలన్నా ఆమెను అడగాలి. కుక్కకు కావాల్సింది చేతిలోంచి అందడం, అందులో ఎంత ఉందన్నది దానికి పట్టదు. గోరంత ముక్క అయినా, సగం బిస్కెట్ అయినా ఒకే గుటకలో మింగుతుంది.

ఆమెకు నేను చెప్పమన్నానని ఒక మాట చెప్పండి. అమెరికాలో 48 లాబ్రడార్లను కూనలుగా ఉన్నప్పటి నుంచి చనిపోయేదాకా గమనించారు, ఆ ఫలితాలు 2002లో వచ్చాయి. ఒకే ఈతలో పుట్టినవాటిని జతలుగా చేసి, ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులు కూడా ఆలస్యంగా వచ్చాయి. అవి పెద్ద కుక్కలే, కానీ లావు ఆయుష్షు తగ్గించడం చిన్న జాతుల్లోనూ కనిపించిన విషయమే. కడుపు మాడ్చడం లేదు, ఆయుష్షు కలుపుతున్నాం. ఈ మాట పెద్దవాళ్లకు అర్థమవుతుంది.

మొదటి పది రోజులు బన్నీ మిమ్మల్ని పరీక్షిస్తుంది. కంచాల దగ్గర కూర్చుని కుయ్యో కుయ్యో అంటుంది, కాలు గీరుతుంది, ఇంతకుముందు కంటే గట్టిగా మొరుగుతుంది. ఇన్నాళ్లూ అలా చేస్తే దొరికింది కాబట్టి ఇంకొంచెం గట్టిగా చేసి చూస్తుంది. అప్పుడు ఒక్కసారి మెత్తబడి పెట్టారంటే, అంతసేపు అరిస్తే దొరుకుతుందని నేర్పినట్టే. మీరు భోంచేసే వేళకే దాని పూట కూడా వేరే గదిలో పెట్టేయండి. డ్రై ఫుడ్‌ను గిన్నెలో కాకుండా పాత తువ్వాలు మడతల్లో చల్లితే వాసన పట్టుకుంటూ వెతుక్కుంటూ తింటుంది. రెండు నిమిషాల్లో అయ్యే తిండి పావుగంట పడుతుంది, దాని బుర్రకూ పని.

నడక మంచిదే, కానీ నడకతోనే తగ్గుతుందని పెట్టుకోకండి. ఇంత చిన్న కుక్క కిలోమీటరు నడిస్తే కరిగేది ఒక బిస్కెట్ అంత కూడా ఉండదు. కండ నిలవడానికి, ఊపిరి కుదురుకోవడానికి నడక కావాలి. ఎక్స్‌రే అయ్యాక, డాక్టర్ సరేనన్నాక, ఐదు నిమిషాలతో మొదలుపెట్టి వారానికి రెండు మూడు నిమిషాలు పెంచండి. దగ్గు వస్తే ఆగండి. మన ఎండల్లో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, పొద్దున ఆరు దాటాక బయటికి తీసుకెళ్లొద్దు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పితేనే వేడి పోతుంది, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అదీ సరిగా పోదు. దానిపైన కొవ్వు దుప్పటి ఒకటి. సాయంత్రం తారు రోడ్డు మీద మీ చెయ్యి వెనకవైపు ఆనించి చూడండి, ఐదారు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉండలేవు. పగ్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

వీధికుక్కల భయంతో బయటికే తీసుకెళ్లనివాళ్లు చాలామంది. ఆ భయం నిజమైనదే, ఒక్క కాటుకు పొమేరియన్ పోవచ్చు. మాగుంట లేఅవుట్ లాంటి చోట కొంత వీలవుతుందేమో, ఇరుకు సందుల్లో ఉండేవాళ్లకు కుదరదు. అలాంటప్పుడు పొద్దుగూకాక మేడ మీద, అపార్ట్‌మెంట్ అయితే సెల్లార్‌లో తిప్పండి. మేడ మీదికి మెట్లెక్కించకండి, ఎత్తుకెళ్లండి. బరువు తగ్గేదాకా సోఫా మీంచి దూకడం, మెట్లు పరిగెత్తడం మోకాళ్లకు, వెన్నుకు మంచిది కాదు. డాష్‌హండ్ ఉన్నవాళ్లకైతే అసలే వద్దంటాను, వాటి వెన్ను డిస్క్ జారితే వెనక కాళ్లు పడిపోతాయి.

బరువు పదిహేను రోజులకోసారి చూడండి, పొద్దున తిండికి ముందు, ఎప్పుడూ ఒకే కాటా మీద. మనుషుల కాటా మీద మీరు ఎత్తుకుని నిలబడి లెక్క తీసేయడం చిన్న కుక్కకు పనికిరాదు, అందులో పావుకిలో తేడా మామూలే. క్లినిక్‌లో పసిపిల్లలను తూచే కాటా లాంటిది ఉంటుంది, లేదా మీకు తెలిసిన కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా. వారానికి ఒంటి బరువులో ఒకటి రెండు శాతం తగ్గితే సరైన వేగం. బన్నీకి అది 90 నుంచి 180 గ్రాములు. అంతకంటే వేగంగా తగ్గుతుంటే కండ కరుగుతోందని, తిండి కొంచెం పెంచాలి. రెండుసార్లు వరసగా తూచినా కదలకపోతే ముందు స్టీలు డబ్బా పద్ధతి మళ్లీ ఒక వారం పెట్టండి. పనిమనిషి, వాచ్‌మెన్, పక్కింటి పిల్లలు ఎవరో ఒకరు పెడుతూ ఉంటారు. అలాంటిదేమీ లేదని తేలాకే పది శాతం తగ్గించండి. మొత్తం మీద ఆరేడు నెలల పని ఇది. మొదటి కిలో తేలిగ్గా దిగుతుంది, చివరి అరకిలో మొండికేస్తుంది. ఏడు కిలోలకు వచ్చి, పక్కటెముకలు చక్కగా తగులుతూ, దగ్గు తగ్గి ఉంటే నేనైతే ఆరున్నర అంకె కోసం దాన్ని ఇంకా బాధపెట్టను.

గురి చేరాక పాత తిండికి వెళ్లకండి. అప్పటికి పెడుతున్నదానికి పది శాతం కలిపి, మూడు వారాలు చూడండి. ఇంకా తగ్గుతుంటే మరో పది శాతం. ఎక్కడ బరువు నిలబడిందో అదే బన్నీకి జీవితాంతపు కొలత, బహుశా 320కీ 360కీ మధ్యలో ఉంటుంది. తర్వాత నెలకోసారి తూచితే చాలు. 200 గ్రాములు పెరిగినట్టు కనిపిస్తే ఆ వారమే సర్దుకోండి, ఆ దశలో రోజుకు ఒక బిస్కెట్ ఆపినంత మాత్రాన సరిపోతుంది.